బహుమతుల సభ: పందిరి నుండి అరచేతికి

లాస్ ఏంజిలిస్ నగరమున సాయంకాలము ఐదు గంటలు కొట్టునప్పటికి ఉద్దానమున మరునాటి వేకువ ఐదున్నర. వజ్రపుకొత్తూరు ఒడ్డున పడవలు అప్పటికే కడలిలోనికి పోయి యుండును. పలాస–కాశీబుగ్గలలో జీడిపప్పు కార్ఖానాలకు పోవలసిన స్త్రీలు పొయ్యి రాజేసి, పిల్లలకింత వండిపెట్టు తొందరలో నుందురు. 2023 మార్చి 13వ తేదీన సరిగా ఆ వేళకే ఆస్కారు బహుమతుల సభ మొదలైనది. ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రములోని ‘నాటు నాటు’ పాటను ఆ వేదికపై రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడిరి. బాగుగా పొద్దెక్కిన పిదప ఉత్తమ గీతమునకు బహుమతిని కీరవాణి, చంద్రబోసు అందుకొనిరి. భారతదేశమున నిర్మించిన చిత్రములోని పాటకు ఆ గౌరవము దక్కుట అదే మొదలు. తెరపై ఆ పాటకు చిందులు వేసిన ఇద్దరిలో ఒకరు నందమూరి తారక రామారావు గారి మనుమడు, తాతగారి పేరు పెట్టుకొన్నవారు. ఆ తాతగారిని 1994లో టెక్కలి వోటర్లు శాసనసభకు ఎన్నుకొనిరి. ఆయన హిందూపురమున కూడ గెలిచి, దానినే ఉంచుకొని టెక్కలిని వదలుకొనిరి. టెక్కలి వారికి ఆ సంగతి ఇప్పటికిని జ్ఞాపకమే.

ఇంత దగ్గరి చుట్టరికమున్న సభను ఉద్దానము వారు చూచిన దెట్లు? మన దేశమున దానిని ప్రత్యక్షముగా అందించినది డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ అను అంతర్జాల వేదిక. చందా కట్టినవాడు సభ మొత్తము చూచినాడు. కట్టనివాడు వాట్సాపులో వచ్చిన తునక చూచి తృప్తిపడినాడు. పాట తెలుగుది, కవి తెలుగువాడు, సభకు మాత్రము టిక్కెట్టు. ఇందులో అన్యాయమేమున్నది, నాటకమునకు టిక్కెట్టు కొనలేదా అని అడుగువారుందురు. నిజమే. కాని బహుమతి ప్రదానమునకు టిక్కెట్టు పెట్టిన ఊరు ఈ తీరమున నెక్కడను కానరాదు.

ఆస్కారు సభ మొదటినుండి లోకమునకు తలుపులు తెరచి పుట్టినది కాదు. 1929 మే 16న జరిగిన తొలి సభ ఒక హోటలులోని విందు. వచ్చినవారు సుమారు 270 మంది. ప్రదానము పావుగంటలో ముగిసినది, విజేతల పేర్లు మూడు నెలల ముందే అందరికి తెలియును. మరుసటి యేట రేడియో వచ్చి చేరినది. 1953 మార్చి 19న టెలివిజన్ వచ్చినది. ఆ కాలమున సినిమావారికి టెలివిజన్ అనగా గుండెదడ. ఇంట కూర్చున్నవాడు హాలుకు రాడని భయము. అయినను సభ ఖర్చులకు స్టూడియోలు చేయి ముడిచినందున, ఎన్.బి.సి. సంస్థ ఇచ్చిన లక్ష డాలర్లు పుచ్చుకొని శత్రువునే పందిట్లోనికి పిలిచిరి. ఆ శత్రువే వారిని పోషించినది. 1998లో, ‘టైటానిక్’ గెలిచిన యేట, అమెరికాలో ఐదున్నర కోట్ల మంది ఆ సభను చూచిరి. 2021లో ఆ సంఖ్య కోటికి దిగజారినది. 2025లో రెండు కోట్లకు కొంచెము తక్కువగా తేరుకొన్నది.

ఈలోగా ఇతర సభలు దారి మార్చుచుండెను. అమెరికా జానపద ఛాయల సంగీతమునకిచ్చు ఏ.సి.ఎం. బహుమతులు 2022లో టెలివిజన్ విడిచి అమెజాన్ ప్రైమ్ వీడియోకు తరలినవి. సినిమా నటుల సంఘమువారి సభ 2024లో నెట్‌ఫ్లిక్సుకు చేరినది. చివరకు 2025 డిసెంబరు 17న ఆస్కారు అకాడమీ కూడ ప్రకటించినది: 2029 నుండి 2033 వరకు సభ యూట్యూబులో, ప్రపంచమంతటికి ఉచితముగా.

ఉచితముగా అను మాట దగ్గర ఉద్దానము ఆగి వినవలెను. అమెరికాలో ఇంటిమీద ఏరియలు పెట్టుకొని పైసా చెల్లింపక ఏ.బి.సి.లో సభ చూచు ముసలమ్మకు ఇది నష్టమే కావచ్చును, ఇంటర్నెట్టు బిల్లు క్రొత్తగా మీద పడును. మన కవిటి ముసలమ్మకు దూరదర్శనునందు ఆస్కారు సభను ప్రత్యక్షముగా చూచు వాడుక లేదు. పోవుటకు ఆమె కేమున్నది? 2016లో జియో వచ్చి డేటా చవకైన పిదప సెల్‌ఫోను చేరని ఇల్లు ఉద్దానమున అరుదు. కావున అక్కడి వారు కోల్పోవునదే ఇక్కడి వారికి వచ్చిపడుచున్నది. ఈ మార్పును గూర్చి నగరములందు వినబడు విలాపమును యథాతథముగా ఇక్కడకు దిగుమతి చేసికొన నక్కరలేదు.

ఇంతకంటె లోతైన లాభము మరొకటి కలదు. టెలివిజన్ సభకు గడియారమే యజమాని. ఇన్ని గంటలకు ముగియవలెను, నడుమ ఇన్ని ప్రకటనలు రావలెను. అందువలననే గెలిచినవానికి 45 క్షణముల గడువు. గడువు మీరినచో వాద్యబృందము అతని మాటలను ముంచివేయును. 2022లో ఇది మరింత దూరము పోయినది. కూర్పు, శబ్దగ్రహణము, అలంకరణ, సంగీతము, కళాదర్శకత్వము మొదలైన ఎనిమిది బహుమతులను ప్రత్యక్ష ప్రసారమునకు ముందే ఇచ్చివేసి, తరువాత తునకలుగా చూపిరి. తెరవెనుక పనివారు నొచ్చుకొనిరి. మరుసటి యేట ఆ పద్ధతి మానిరి.

నాటక పరిషత్తులను ఎరిగిన పాఠకులకు ఆ నొప్పి సులభముగా తెలియును. నటునితో పాటు ఆహార్యమునకు, రంగాలంకరణకు, సంగీతమునకు బహుమతులుండుట మన పరిషత్తుల మర్యాద. ముఖమునకు రంగు పూసినవాడును వేదిక యెక్కును, హార్మోనియం వాయించినవాడును ఎక్కును. ఆఖరి ప్రదర్శన ముగిసి, న్యాయనిర్ణేతలు ఏకాంతమున కూడబలుకుకొని ఫలితములు చదువునప్పటికి ఒక్కొక్కచోట తెల్లవారును. జనము కదలరు, ఏలనన నాటకములన్నియు వారును చూచినారు. తీర్పు నచ్చకున్న అక్కడనే చెప్పుదురు! శ్రీకాకుళం జిల్లా రంగస్థలమునకు 2020లో యడ్ల గోపాలరావు గారి ద్వారా పద్మశ్రీ వచ్చినది. అట్టి నటుల తరము తయారైనది గడియారము చూడని ఈ పందిళ్ల క్రిందనే. ఇప్పుడు పలు పరిషత్తులు తమ ప్రదర్శనలను యూట్యూబులో ప్రత్యక్షముగా పెట్టుచున్నవి. వ్యవధి అడ్డులేని వేదిక హాలీవుడ్డునకు 2029లో రానున్నది గాని, మన పద్యనాటకమునకు ఇదివరకే వచ్చినది. రాత్రి పదిగంటలకు మొదలైన హరిశ్చంద్రుని గల్ఫులో వెల్డింగు పని ముగించుకొని వచ్చిన సోంపేట యువకుడు తన గదిలో పడుకొని చూడగలడు. పందిట్లోని తల్లిదండ్రులు, ఎడారిలోని కొడుకు ఒకే పద్యమును ఒకే క్షణమున వినుట చిన్న విషయము కాదు.

అయితే ఈ అరచేతి తెర ఎంత గట్టిది? 2025 మార్చి 2న ఆస్కారు సభను హులూ అను వేదిక తొలిసారి ప్రత్యక్షముగా చూపగా, చివరి రెండు ముఖ్య బహుమతులకు ముందే పలువురికి ప్రసారము తెగిపోయినది. లక్షలమంది ఒకేసారి బావిలో చేదలు వేసిన ఇట్లే యగును. ఆకాశవాణికి ఆ బాధ లేదు, వినువారు పెరిగినకొలది స్తంభము అలసిపోదు. 1963లో విశాఖపట్నం కేంద్రము ప్రారంభమైనది మొదలు ఉత్తరాంధ్రకు ఆ ధైర్యముండెను. 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు కొబ్బరి, జీడి తోటలతో పాటు విద్యుత్ స్తంభములును నేలకొరిగినవి. సెల్‌ఫోనులు మూగపోయినవి. బ్యాటరీ రేడియో ఉన్న ఇల్లే ఆ దినములందు లోకముతో సంబంధమున్న ఇల్లు. బహుమతుల సభ తప్పిపోయిన ప్రాణము పోదు గాని, పండుగకు ఏ దారి వాడుక యగునో ఆపదకును జనము ఆ దారినే నమ్ముకొందురు. దూరదర్శన్ తన పాత భూతల ప్రసార స్తంభములను 2022 నాటికి దాదాపుగా మూసివేసినది. ఇక మిగిలినది ఇంటికప్పుపై డిష్షు.

వేదిక సిద్ధముగా నుండి బహుమతియే లేని విచిత్రమును కూడ తెలుగువారు చూచిరి. 1964లో నెలకొల్పిన నంది బహుమతులను 2014, 2015, 2016 సంవత్సరములకు కలిపి 2017 నవంబరులో ప్రకటించిరి. అటుపై సినిమా నందుల ఊసు చాల ఏండ్లు లేదు. తెలంగాణ ప్రభుత్వము గద్దర్ పేర బహుమతులు నెలకొల్పి 2025 జూన్ 14న హైదరాబాదులో ప్రదానము చేసినది. దానిని పలాసలో సెల్‌ఫోనుపై చూచిన వాడు తన రాష్ట్రపు నంది యేమైనదని అడిగినచో తప్పు పట్టరాదు.

ఇక భాష సంగతి. యూట్యూబులో ఆస్కారు సభ పలు భాషల వ్యాఖ్యానముతో, అక్షరానువాదముతో వచ్చునని అకాడమీ ప్రకటన. ఆ భాషలలో తెలుగు ఉండునా అనునది ఉద్దానమునకు అసలు ప్రశ్న. ఆ వేదికపై బహుమతి పొందిన పాట తెలుగు పాట గదా, వ్యాఖ్యానము తెలుగున ఏల ఉండరాదు? తెలుగు చలనచిత్ర వాణిజ్య మండలి వంటి సంస్థలు ఇప్పటినుండి అడిగినచో అందుకు వ్యవధి లేకపోలేదు. నూరవ సభ 2028లో పాతపద్ధతినే ఏ.బి.సి.లో జరుగును. నూటొకటవ సభ నుండి మార్పు. ఇన్నాళ్లవలె మార్చి నెలలోనే జరిపినచో ఉద్దానమున అది జీడిపిక్కలు ఏరు కాలము. తోటకు పోవువారు ఫోను చెంగున కట్టుకొని పోవుదురు.