ఎగ్జిమాకి కషాయమా, ఆయింట్‌మెంటా?

పిల్లది మోచేతి మడతలూ మోకాళ్ల వెనకా రక్తం వచ్చేలా గీరుకుంటోందన్నావు కదమ్మలూ. డాక్టరుగారు ఎగ్జిమా అని తేల్చారు కనక దాని సంగతి చెబుతా, విను.

చర్మం పై పొర గట్టిగా ఉండాలంటే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ కావాలి. పుట్టుకతో అది కొరవడిన వాళ్లలో ఈ జబ్బు ఎక్కువని 2006లో స్కాట్లండ్‌లోని డండీ శాస్త్రవేత్తలు చూపించారు. పూత రాలిన మట్టిగోడలాగా ఆ చర్మం లోపలి తడిని నిలుపుకోలేదు, బయటి ధూళిని ఆపలేదు. అందుకే స్నానం కాగానే, ఒంటిమీద తడి ఆరకముందే మాయిశ్చరైజర్ దట్టంగా రాయాలి. ఏ మందు వాడినా ఇది మానకూడదు. సున్నిపిండితో నలుగు మాత్రం వద్దమ్మా, పగిలిన చర్మం ఆ రాపిడికి ఇంకా రేగుతుంది.

ఎవరో మూలికల క్రీమ్ డబ్బా ఇచ్చారన్నావు. మూలికలంటే నాకు చిన్నచూపు లేదు. లండన్ సోహోలో ఒక చైనా వైద్యశాలలో కషాయం తాగిన పిల్లలకి ఎగ్జిమా తగ్గడం గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి డాక్టర్లు గమనించారు. కొట్టిపారేయలేదు, పరీక్షకి పెట్టారు! పది మూలికల కషాయం ఒకటి, ఎగ్జిమాకి పనిచేయని మూలికల కషాయం ఇంకొకటి. ఏది ఏదో తాగేవాళ్లకి చెప్పలేదు. అసలు కషాయం బాగానే పనిచేసిందని 1992లో ప్రకటించారు. నాకెంతో నచ్చిన పరీక్ష అది. పెద్దవాళ్ల మీదా అలాంటి ఫలితమే వచ్చింది. కానీ 1999లో హాంకాంగ్‌లో మళ్లీ చూస్తే అంత గుణం కనపడలేదు. ఇలాంటి కషాయాలతో కొందరికి కాలేయం దెబ్బతిన్నది కూడా.

అదే ఏడాది లండన్‌లో చైనా మూలికల క్రీములు పదకొండింటిని పరీక్షిస్తే ఎనిమిదింటిలో డెక్సామెథసోన్ దొరికింది. అది స్టెరాయిడ్. స్టెరాయిడ్ అంటే భయపడి మూలికలకి మారిన తల్లులు, తెలియకుండా అదే పిల్లల ముఖానికి రాశారన్నమాట! ఎంత అన్యాయం!

నిజానికి డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్‌కి అంత భయపడక్కర్లేదు. ముఖానికి తేలికపాటిది, చేతులకి కాస్త గట్టిది, ఎన్ని రోజులో లెక్క చెప్పి ఇస్తారు. పెద్దవాళ్ల చూపుడువేలి కొస నుంచి మొదటి కణుపు దాకా పిండిన క్రీమ్, వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకి సరిపోతుంది. గుండ్రంగా పాకే ఫంగస్ తామరకి మాత్రం అది రాయకూడదు. పైకి తగ్గినట్టుండి లోపల పాకుతుంది.

కొబ్బరినూనె రాస్తానంటే నాకు సంతోషమే. ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా ఉన్న పిల్లలకి వర్జిన్ కొబ్బరినూనె రాసి చూస్తే, మినరల్ ఆయిల్ కంటే మేలు చేసింది. చీము పట్టినా, నీటిపొక్కులు లేచి జ్వరం వచ్చినా ఇంట్లో ఏదీ రాయకుండా అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఆ క్రీమ్ మీద ఏం రాసుందో ఫోటో తీసి పంపు. ఏమీ రాసి లేకపోతే దాన్ని పిల్లదాని ఒంటికి తాకనివ్వకు తల్లీ.