ఇంటి అంతర్జాలానికి అడ్డుగోడ

హైదరాబాదు నుండి విజయవాడకు వెళ్ళే జాతీయ రహదారిపై సూర్యాపేట, కోదాడ పట్టణాలు ఉన్నాయి. బియ్యపు మిల్లులకు పేరుగాంచిన మిర్యాలగూడ వాటికి సమీపంలోనిదే. నేడు ఇటువంటి పట్టణాలలోని ఇళ్ళకు అంతర్జాలం చేరింది. దానితోపాటు వాకిట నిఘా కెమెరా, గదిలో స్మార్ట్ టీవీ, ఫోనుతో వెలిగించే దీపం కూడా ప్రవేశిస్తున్నాయి. బ్యాంకు లావాదేవీలు జరిపే ఫోనును, పిల్లలు చదువుకొనే కంప్యూటరును, ఈ పరికరాలను సాధారణంగా ఒకే వైఫైకి కలుపుతారు. ప్రమాదం అక్కడే పొంచి ఉంది.

స్మార్ట్ పరికరం కూడా ఒక చిన్న కంప్యూటరే. అయితే దాని సాఫ్ట్‌వేరును సరిచేసుకొనేవారు అరుదు. తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డునే చాలామంది మార్చకుండా వదిలివేస్తారు. 2016లో వ్యాపించిన ‘మిరాయ్’ అనే హానికర ప్రోగ్రాం ఈ లోపాన్నే ఆధారం చేసుకొన్నది. అందరికీ తెలిసిన 60కి పైగా పాస్‌వర్డులను ప్రయత్నించి, లక్షలాది కెమెరాలను, రౌటర్లను వశపరచుకొన్నది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటి ద్వారా జరిగిన దాడి వల్ల ట్విట్టర్ వంటి ప్రసిద్ధ వెబ్‌సైట్లు అమెరికాలో కొన్ని గంటలపాటు స్తంభించాయి.

బలహీనమైన పరికరం ఇతర పరికరాలకు దారి చూపుతుంది. ఉత్తర అమెరికాలోని ఒక జూదశాలలో చేపల తొట్టికి అమర్చిన స్మార్ట్ పరికరం ద్వారా దుండగులు లోపలి నెట్‌వర్కులోకి చొరబడిన ఉదంతం 2017లో వెలుగుచూసింది.

దీనికి విరుగుడు విభజన. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల పొలాలకు నీరందిస్తుంది. ఒక పిల్లకాలువకు గండి పడితే దాని తూము మూసివేస్తారు. మిగిలిన కాలువలకు నష్టం వాటిల్లదు. ఇంటి నెట్‌వర్కుకూ అటువంటి తూము అవసరం. అనేక రౌటర్లలో ‘గెస్ట్ నెట్‌వర్క్’ అనే సదుపాయం ఉంటుంది. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డు పెట్టి, స్మార్ట్ పరికరాలను దానికే కలపాలి. అవి అంతర్జాలాన్ని వాడుకోగలవు కాని, ప్రధాన నెట్‌వర్కులోని ఫోన్లను, కంప్యూటర్లను చేరలేవు. అతిథి నెట్‌వర్కు నుండి ఇంటి పరికరాలను చేరే అనుమతి రౌటరులో ఉంటే దానిని తొలగించాలి.

ఈ పద్ధతిలో కొంత అసౌకర్యం లేకపోలేదు. ఫోనులోని చిత్రాన్ని టీవీపై చూడాలంటే కొన్నిసార్లు రెండూ ఒకే నెట్‌వర్కులో ఉండవలసి వస్తుంది. పైగా విభజన ఒక్కటే చాలదు. కెమెరా పాస్‌వర్డు బలహీనమైతే దాని దృశ్యాలు పరాయివారి కంటపడే ప్రమాదం ఉంటుంది. కాబట్టి పాస్‌వర్డు మార్చడం, సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు నవీకరించడం తప్పనిసరి.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. కాపలా కోసం తెచ్చిన కెమెరాయే ఇంటిదొంగ కాకుండా చూసుకొనే బాధ్యత ఇంటివారిదే.