వాకిట్లో పాత కారు



మన బళ్లారి వీధుల్లో నడుస్తుంటే అక్కడక్కడా ఒక దృశ్యం కంటబడుతుంది. ఇంటి పక్క సందులో, వేపచెట్టు కింద, రంగు వెలిసిన గుడ్డ కప్పుకుని ఒక కారు. గుడ్డ అంచు కింద గాలి దిగిపోయిన టైరు. ఆ ఇంటివారిని అడిగితే "నాన్నగారి కారండీ, అమ్మబుద్ధి కాలేదు" అంటారు. అమ్మబుద్ధి కాకపోవడం సహజమే. మరి నడపబుద్ధి ఎందుకు కాలేదన్నది నా ప్రశ్న. నిలబెట్టిన కారు నడిచే కారు కంటే త్వరగా పాడవుతుంది. మీ ఇంట్లోనూ అలాంటిది ఉంటే ఈ కాసేపు నాకివ్వండి.

నేను చెప్పబోయేది ప్రదర్శనల్లో మెరిసే రాజుల కార్ల సంగతి కాదు. ఉపాధ్యాయులు, డాక్టర్లు, చిన్న వ్యాపారులు ఏళ్ల తరబడి వరుసలో వేచి ఉండి కొనుక్కున్న మామూలు కార్ల సంగతి. నా దగ్గరున్నది 1988లో రిజిస్టరైన ప్రీమియర్ పద్మిని. మా వీధిలో ఇప్పటికీ దాన్ని ఫియట్ అనే అంటారు. అందులో తప్పేమీ లేదు. ఇటలీ ఫియట్ వారి 1100 నమూనానే బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారుచేశారు. 1964లో 1100 డిలైట్ అన్న పేరుతో వచ్చింది, డెబ్భైలలో కొద్దికాలం ప్రెసిడెంట్ అయింది, 1974 నుంచి పద్మిని. ఈ శతాబ్దం మొదలయ్యే వేళకు తయారీ నిలిచిపోయింది. బొంబాయి టాక్సీలుగా మాత్రం మరో రెండు దశాబ్దాలు తిరిగాయి. అక్కడ చివరగా రిజిస్టరైన పద్మిని టాక్సీకి ఇరవై ఏళ్లు నిండి, 2023 అక్టోబరులో అదీ సెలవు తీసుకుంది.

దీని ఇంజను 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, నలభై గుర్రాల బలం. గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది. బానెట్ ఎత్తితే ఇంజనుకు అటూ ఇటూ కింద నేల కనిపిస్తుంది. ఈ ఒక్క మాటలో నా అభిరుచి అంతా ఉంది. చెయ్యి దూరే చోటుంది, కంటికి కనిపించే భాగాలున్నాయి, ఏది ఎందుకుందో అడిగి తెలుసుకోవచ్చు. కార్బురేటర్ ఉన్న తొలినాటి మారుతి 800 ఉన్నవారికీ ఈ మాటల్లో చాలా భాగం వర్తిస్తుంది. ఇంజను చిన్నది, సిలిండర్లు మూడు.

మొదటి పనికి పానా కూడా అక్కర్లేదు. ఈ రాత్రి కారు కింద ఒక పాత అట్టముక్క పరచండి. పొద్దున్నే తీసి చూడండి. ఇంజను కింద నల్లటి మరక ఉంటే ఇంజను ఆయిలు. వెనక చక్రాల మధ్య చిక్కగా, ఘాటు వాసనతో ఉంటే అది డిఫరెన్షియల్ నుంచి కారిన గేరు ఆయిలు. ముందు భాగాన తడి మాత్రమే ఉంటే రేడియేటర్ నీళ్లు. చక్రం లోపలి వైపు జారుడుగా, పలచగా ఉంటే బ్రేక్ ఆయిలు, ఆ రోజు కారు కదిలించకండి. పాత కారన్నాక చుక్క ఆయిలు కారడం పెద్ద నేరమేమీ కాదు. నిన్నటి మరక కంటే నేటి మరక పెద్దదైతేనే మేస్త్రీ దగ్గరకు వెళ్లాలి. అందుకే అట్ట మీద తేదీ వేసి ఉంచుతాను. మా ఇంట్లో వాళ్లు దాన్ని కారు జాతకం అంటారు.

ఇక నీళ్ల సంగతి. ఇది కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నా తెలివితక్కువతనం ఉంది. మన ఊరి బోరునీళ్లు ఎంత ఉప్పనో మీకు తెలుసు. నీళ్ల కాగు లోపల తెల్లగా పేరుకునే గార చూశారు కదా, అదే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. కంటికి కనిపించదు కనుక మనం పట్టించుకోము. నేను ఏళ్ల తరబడి చెంబుతో బోరునీళ్లే పోశాను. ఒక ఏప్రిల్ నెలలో ఇంటిల్లిపాదీ సండూరు కుమారస్వామి దర్శనానికి బయలుదేరాం. కొండ దారిలో ముందు ఖనిజం లారీ, వెనక ఖనిజం లారీ, మధ్యలో రెండో గేరులో మేము. వేడి ముల్లు ఎర్రగీత దాటింది. నేను పైకి చేరాక చూద్దామనుకున్నాను. పైకి చేరకముందే బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది.

కారును లాగించుకుని ఇంటికి వచ్చాం. మర్నాడు కౌల్‌బజారు నుంచి మా మేస్త్రీ వచ్చి, ఆయిలు చూసే గేజు పుల్ల బయటికి తీసి నా ముందు పెట్టాడు.

"చూడండి సార్. ఇది నూనె కాదు, మజ్జిగ."

నిజంగానే తెల్లగా నురగలా ఉంది. హెడ్ గాస్కెట్ పోయి, నీళ్లు ఆయిలులో కలిశాయన్నమాట.

"ఏ నీళ్లు పోస్తున్నారు సార్?"

"బోరువే."

"ఎప్పట్నించీ?"

"కొన్నప్పట్నించీ."

అతను మరొక్క మాట మాట్లాడకుండా బానెట్ దించాడు. ఆ మౌనం ఇప్పటికీ గుర్తుంది. హెడ్ విప్పి లేతు మీద చదును చేయించాం, రేడియేటర్ విప్పించి రాడ్డింగ్ చేయించాం, అంటే సన్నటి కడ్డీలతో ఒక్కో గొట్టాన్నీ శుభ్రం చేయడం. అప్పటి నుంచి డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ కలిపే పోస్తున్నాను. మీరు నెలకోసారి ఆ గేజు పుల్ల తీసి రంగు చూడండి. నల్లబడితే మార్చే వేళయిందని. తెల్లబడితే ఇంజను స్టార్టు చేయవద్దు. ఇంజను వేడిమీద ఉండగా రేడియేటర్ మూత మాత్రం తిప్పకండి, ముఖం కాలుతుంది.

మన ఎండల్లో ఇంకో చిక్కుంది. బజారులో పది నిమిషాలు ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే గిర్రున తిరుగుతుంది కానీ ఇంజను అందుకోదు. బాటరీ బాగానే ఉంటుంది, పెట్రోలూ ఉంటుంది. కారణం ఏమిటంటే, ఈ కార్లలో పెట్రోలు పంపు ఇంజనుకే అతుక్కుని ఉంటుంది. బండి ఆగాక ఇంజను వేడి పంపుకెక్కి, లోపలి పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ఆవిరిని లాగుతుందే తప్ప పెట్రోలును లాగలేదు. దీన్నే మెకానిక్కులు ఎయిర్ లాక్ అంటారు. బానెట్ ఎత్తి, తడిగుడ్డ పంపు మీద వేసి, పావుగంట టీ తాగి రండి. ఇంజను బ్లాకు మీద మాత్రం చన్నీళ్లు కుమ్మరించకండి, ఇనుము పగులుతుంది.

పెట్రోలు మాట వచ్చింది కనుక చెబుతాను. ఈ కార్లు పుట్టినప్పటి పెట్రోలు ఇప్పుడు లేదు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. సీసం ఈ పాత ఇంజన్ల వాల్వు సీట్లకు మెత్తలాంటిది. అది పోయాక, ఎప్పుడైనా హెడ్ విప్పినప్పుడు గట్టి లోహపు సీట్లు వేయించుకోవడం మంచిది. ఇప్పుడు అంతకంటే పెద్ద మార్పు ఇథనాల్. 2025 నాటికి బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు సర్వసాధారణమైంది. ఇది పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌ను మెత్తబరుస్తుంది. తేమను పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి నిలవ ఉంటే టాంకు లోపల తుప్పు పడుతుంది. ఇథనాల్‌లో శక్తి తక్కువ, అందుచేత కార్బురేటర్ పాత లెక్కనే పెట్రోలు పోస్తుంటే ఇంజనుకు తిండి చాలదు, మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది. నేను చేసినవి మూడే పనులు. గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించాను. పంపు కిట్టు మార్చాను. వారానికి ఒక్కసారైనా పది కిలోమీటర్లు నడిపి పెట్రోలును కదిలిస్తున్నాను. పెట్రోలు వాసన వస్తే ఆ రోజు గొట్టాలు తడిమి చూడాల్సిందే. పగిలిన గొట్టం, వేడి ఇంజను కలిస్తే కారే మిగలదు.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ఇష్టమైన పని. ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తాను. లోపల పాయింట్లని రెండు చిన్న లోహపు ముక్కలుంటాయి. మధ్యలో తిరిగే కామ్ వాటిని విడదీసిన ప్రతిసారీ ఒక సిలిండర్‌లో నిప్పురవ్వ పడుతుంది. కామ్‌ను తాకే మడమ లాంటి భాగం అరిగేకొద్దీ పాయింట్ల మధ్య ఎడం తగ్గుతుంది. ఎడం తగ్గితే రవ్వ ఆలస్యమవుతుంది. రవ్వ ఆలస్యమైతే బండి లాగదు, వేడెక్కుతుంది. మనం రేడియేటర్‌ను తిట్టుకుంటాం, తప్పు ఇక్కడుంటుంది. ఇంజనును చేత్తో తిప్పి, పాయింట్లు బాగా విచ్చుకున్న చోట ఆపి, ఫీలర్ గేజు రేకు దూర్చి చూడాలి. సుమారుగా 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ కారు పుస్తకంలో ఉన్న అంకే ప్రమాణం. రేకు బిగుసుకోకుండా, వదులు కాకుండా, కాగితం లాగినట్టు జారాలి. ఆ పట్టు మాటల్లో చెప్పలేను, నాలుగు ఆదివారాల్లో వేళ్లకు వస్తుంది. కామ్ మీద చిటికెడు గ్రీజు రాయండి, ఎక్కువైతే పాయింట్ల మీద పడి కొత్త తంటా. అదే చేత్తో స్పార్కు ప్లగ్గులు విప్పి రంగు చూడండి. బిస్కెట్ రంగుంటే అంతా సవ్యం. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లగా ఉంటే తక్కువవుతోంది. జిడ్డుగా ఉంటే రింగులు అరిగాయి, ఖర్చుకు సిద్ధపడండి.

రేడియో వినేవారికి చెవి పదునుగా ఉంటుంది కదా, దాన్నీ వాడుకోండి. ఫాన్ బెల్టు వదులైతే కీచుమంటుంది. టాపెట్లు టకటకలాడితే కంగారు లేదు, అసలు చప్పుడే లేకపోతేనే అనుమానించాలని మా మేస్త్రీ అంటాడు, ఎడం మరీ తగ్గి వాల్వులు పూర్తిగా మూసుకోవేమోనని. వేగంతోపాటు పెరిగే మూలుగు వెనక నుంచి వస్తే డిఫరెన్షియల్.

గ్రీజు గురించి ఎక్కువ చెప్పను. నిపుల్స్ ఎక్కడున్నాయో పుస్తకంలో ఉంటుంది, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టించండి. తుప్పుకు తలుపుల అడుగున ఉన్న నీరు పోయే చిల్లులే మూలం. దుమ్ము పూడుకుంటే వాననీరు లోపలే నిలుస్తుంది, ఒక పుల్లతో పొడవండి చాలు. యానాం, గోపాల్‌పూర్ లాంటి సముద్రపు ఊళ్లలో ఉన్నవారి బాధ వేరు, వారు కింది భాగానికి ఏటా పూత వేయించుకోక తప్పదు.

బ్రేకులు, టైర్ల దగ్గర మాత్రం అభిరుచి మాట పక్కన పెట్టండి. ఈ కారులో గాలి సంచులు లేవు, సీటు బెల్టులు నేను తరువాత బిగించుకున్నవి. బ్రేక్ ఆయిలు తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. చక్రాల సిలిండర్లలో రబ్బరు కప్పులూ ఆ పనిలోనే మార్పించండి. టైరు గాడి చూసి మోసపోకండి. టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. తక్కువ తిరిగే కారులో గాడి అరగదు, రబ్బరు మాత్రం గట్టిపడి బీటలిస్తుంది. నా కారుతో రాత్రిపూట హైవే ఎక్కను. గుంతకల్లులో పెళ్లికి పోవాలన్నా బస్సులోనే పోతాను.

విడిభాగాలకు బెంగళూరు జె.సి. రోడ్డు, మద్రాసు పుదుపేట గుజరీలు ఇప్పటికీ దిక్కు. వెళ్లేటప్పుడు పాత సామాను గుడ్డలో చుట్టుకుని చేత పట్టుకుపోండి. "ఫియట్‌దే సార్" అన్న నోటిమాట మీద కొని తెచ్చిన వాటర్ పంపు ఒకటి మా ఇంట్లో కాగితాల మీద బరువుగా పనికొస్తోంది.

చివరగా చట్టం. కారుకు పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ తిరగరాయించుకోవాలి. 2022 ఏప్రిల్‌కు ముందు ఈ రుసుము 600 రూపాయలు, తరువాత 5,000. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. కొందరు "వింటేజ్ కింద రాయించుకోవచ్చు కదా" అంటారు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే యాభై ఏళ్లు నిండాలి, నా కారు 2038 దాకా ఆగాలి. పైగా అలా రాయించుకున్న కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప నిత్యం రోడ్డు మీద తిప్పకూడదు. కూరగాయలకు పోని కారు నాకెందుకు?

2023లో తిరగరాయించుకోవడానికి వెళ్లినప్పుడు మూడు నెలలు ముందునుంచే తయారయ్యాను. ఇంజను గడియారంలా నడుస్తోంది, పొగ పరీక్ష ఒక్కసారికే గట్టెక్కింది. ఇన్‌స్పెక్టరు గారు ఛాసిస్ నంబరు పెన్సిల్‌తో కాగితం మీద అచ్చు తీసుకున్నారు. హారన్ కొట్టమన్నారు, కొట్టాను. హాండ్‌బ్రేకు వేయమన్నారు, వేశాను. వైపర్ వేయమన్నారు. మీట నొక్కాను, కదల్లేదు. మన బళ్లారిలో వానెప్పుడు పడింది గనుక దాన్ని వేసి చూడడానికి! "రేపు రండి" అన్నారు ఆయన, నవ్వు ఆపుకుంటూ. ఇంటికి వచ్చి చూస్తే ఫ్యూజు పెట్టెలో చిలుము. గరుకు కాగితంతో రెండు నిమిషాలు రుద్దితే వైపర్లు రెండూ పొడి అద్దం మీద కిర్రుమంటూ ఊగాయి. మర్నాడు కార్డు చేతికి అందే కాగితం ఇచ్చారు. దాని మీద 2028 అని ఉంది. ఇంటికి వస్తూ దారిలో ఒక సీసా డిస్టిల్డ్ వాటర్ కొన్నాను.