గోదావరి అడవిలో చేతులు చాచిన రాళ్ళు

భద్రాచలం వెళ్ళినవారు రాములవారిని సేవించి, పర్ణశాల చూసి తిరిగి వచ్చేస్తారు. గోదావరి కుడిగట్టున మణుగూరు దాటి పినపాక మండలం దాకా వెళితే మరొక వింత ఉన్నదని చాలామందికి తెలియదు. ఆ వూరు జానంపేట. పెద్ద పెద్ద బండపలకలు నాలుగువైపులా నిలబెట్టి, పైన మరొక పలక కప్పిన గూళ్ళు అక్కడ గుంపులుగా కనబడతాయి. జనం వీటిని రాకాసి గూళ్ళంటారు. ఇంతేసి బరువులు ఎత్తడం మానవమాత్రుల తరమా అని వారి ఊహ!

ఎత్తింది మానవులే. ఇవి ఇనుపయుగపు సమాధులు. రెండువేల ఏళ్ళకు పైబడినవి. కొన్నిటి లోపల ఒకే రాతిని తొలిచిన తొట్టె ఉంటుంది. మన దేశంలో ఈ తరహా సమాధుల్లో ఎరుపు నలుపు కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు దొరుకుతూ వుంటాయి.

గూళ్ళకన్న నన్ను ఎక్కువ ఆకర్షించినవి ఈ ప్రాంతపు రాతిబొమ్మలు. పైన తల, ఇరుపక్కలా చాచిన పొట్టి చేతులు, కింద కాళ్ళు లేని మొండెం. దూరంనుంచి చూస్తే అచ్చంగా శిలువే!

సర్వే శాఖలో పనిచేసిన మల్హెరన్ దొర 1868లో ఇక్కడికి దగ్గరలోని కాటాపూర్, మల్లూరు అడవుల రాళ్ళను గురించి ప్రకటించాడు. ఫోటోలు కూడా తీశాడు. వాటిని చూసి ఫెర్గూసన్ పండితుడు 1872లో అచ్చయిన తన గ్రంథంలో ఇవి క్రైస్తవుల శిలువలేనని వాదించాడు. తరువాతివారు రాళ్ళ దగ్గరకు పోయి పరిశీలించారు. కొన్నిటికి స్తనాలున్నవి. శిలువకు స్తనాలెందుకుంటాయి? ఇవి మనుషుల బొమ్మలని తేలింది. ఇటీవల గుండాల అడవుల్లోని ఇలాంటి విగ్రహాలను హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆచార్య కె.పి. రావు పరిశీలించారు.

రాయి ఉన్నచోట ఉన్నది కనుకనే పండితుని మాటను సరిదిద్దగలిగారు. అది పోతే ఏమవుతుందో ఆర్మీనియనులను అడగాలి. మధ్యయుగంనుంచి వారు చెక్కుతూ వచ్చిన శిలువరాళ్ళను ఖచ్‌కార్‌లంటారు. ఆ శిల్పకళను 2010లో యునెస్కో తన జాబితాకెక్కించింది. కాని నఖిచెవాన్‌లో, ఆరాస్ నది ఒడ్డునగల జుల్ఫా శ్మశానంలోని వేలాది రాళ్ళు అప్పటికే లేవు. చివరికి మిగిలినవాటిని 2005 డిసెంబరులో సమ్మెటలతో పగులగొట్టారు. ఇప్పుడు పరిశోధకులకు పాత ఫోటోలే దిక్కు.

మన రాళ్ళకు అంతటి పగవారు లేరు; ఆశపోతులున్నారు. గూటికింద బంగారముంటుందని పలక పెకలిస్తే దొరికేది ఎముకలూ, పెంకులూ. వాటి వరుస చెదిరిందా, సమాధి కథ చదవడం మరెవరికీ సాధ్యం కాదు. జానంపేట స్థలం కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉన్నది. 2010 నాటి చట్టం ప్రకారం రక్షిత స్థలానికి నూరు మీటర్లలోపు కొత్త కట్టడం కూడదు. అడవిలో చెదరివున్న గూళ్ళన్నిటికీ ఈ భాగ్యం లేదు. వాటికి కాపలా చుట్టుపక్కల వూళ్ళవారే.

అందుచేత ముందుగా జరగవలసినది లెక్క. ఏ వూరి పొలిమేరలో ఎన్ని గూళ్ళు, ఎన్ని బొమ్మలు, ఏ దిక్కుకు నిలిచివున్నవి—ఒక్కొక్కటీ కొలిచి, ఫోటో తీసి, వ్రాసి పెట్టాలి. ఈసారి భద్రాద్రి యాత్రకు వెళ్ళే పాఠకులు ఒక పూట జానంపేటకు కేటాయించండి. చూడండి, ఫోటో తీసుకోండి. రాయిని మాత్రం కదపకండి.