తాళము త్రిప్పినను ట్రాక్టరు పలుకనప్పుడు



మడికి నీరు పెట్టినారు. నారు సిద్ధముగా నున్నది. రేపటి నాట్లకు కూలీలకు కబురు చెప్పినారు. తెల్లవారుజామున ట్రాక్టరెక్కి తాళము త్రిప్పగా సెల్ఫు పలుకలేదు. అప్పుడు పలువురు చేయు పని ఒకటే: పట్టణమునకు మనిషిని పంపి క్రొత్త బ్యాటరీయో, క్రొత్త స్విచ్చియో తెప్పింతురు. అది బిగించినను బండి కదలనిచో మెకానిక్కు కొరకు ఎదురుచూతురు.

నేను పంటలశాస్త్రము బోధించువాడను. ట్రాక్టరు సంగతి నీకెందుకని మీరు అడుగవచ్చును. వరి పంటకాలము ఎన్ని నెలలో, నారు వయస్సు అన్ని వారములుండవలెనని మేము చెప్పుచుందుము. నారు ముదిరిన పిలకలు తగ్గును. పిలకలు తగ్గిన దిగుబడి తగ్గును. దమ్ము ఆగిన ప్రతి రోజును పంటమీద పడును. కాబట్టి లోపమెక్కడ ఉన్నదో తానే కనుగొనుట కూడ రైతు నేర్వదగిన పని.

విద్యుత్తు నడచు దారి

చివరి మడికి నీరు రానప్పుడు మీరు తూము తలుపును వెంటనే విరుగగొట్టరు. చెరువులో నీరున్నదా, కాలువ ఎక్కడ తెగినది అని గట్టు వెంట నడచి చూతురు. ఇక్కడను అంతే. బ్యాటరీ చెరువు, వైర్లు కాలువలు, తాళపు స్విచ్చి తూము.

ట్రాక్టరులో రెండు దారులు కలవు. లావు కేబులు బ్యాటరీనుండి సెల్ఫు మోటారుకు పోవును. సెల్ఫు తిరుగునప్పుడు ఇందులో వందల ఆంపియర్ల కరెంటు పారును. రెండవది సన్నని దారి: బ్యాటరీనుండి ఫ్యూజు, తాళపు స్విచ్చి, గేరు లేక క్లచ్చి వద్దనుండు భద్రతా స్విచ్చి, అక్కడనుండి సెల్ఫుపైనున్న సొలినాయిడు. సన్నని దారిలో కరెంటు వచ్చినప్పుడే సొలినాయిడు లావు దారిని కలుపును. తాళపు స్విచ్చి నడుపునది ఈ సన్నని దారిని మాత్రమే.

స్విచ్చి వెనుక కొనలపై అంకెలో, అక్షరములో ఉండును. సాధారణముగా 30 లేక బి అనునది బ్యాటరీనుండి కరెంటు వచ్చు కొన. 15 అనునది తాళము మొదటి మెట్టునకు త్రిప్పినప్పుడు కరెంటు పోవు కొన. 50 అనునది స్టార్టు మెట్టున మాత్రమే పోవు కొన. మీ బండిలో గుర్తులు వేరుగానున్న కంపెనీ ఇచ్చిన పుస్తకము చూడవలెను.

లక్షణమును బట్టి లోపము

1. తాళము మొదటి మెట్టునకు త్రిప్పినను ఒక్క దీపమును వెలుగదు: స్విచ్చివరకు కరెంటు వచ్చుటలేదేమో. ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్లు ముందు చూడుడు.

2. దీపములు వెలుగును, స్టార్టుకు త్రిప్పగనే మసకబారును, సెల్ఫు టకటక కొట్టుకొనును: బ్యాటరీ దిగినది, లేదా టెర్మినలు వదులైనది. ఇది స్విచ్చి తప్పు కాదు.

3. దీపములు మసకబారవు, సెల్ఫు చప్పుడే చేయదు: స్విచ్చి, భద్రతా స్విచ్చి, సన్నని వైరు, సొలినాయిడు – ఈ నాలుగింటిలో ఒకటి.

4. ‘టక్’మని ఒక్కసారి గట్టిగా కొట్టి ఊరకుండును: సన్నని దారి పనిచేసినది. సొలినాయిడు లోపలి కాంటాక్టులు, సెల్ఫు, లావు కేబులు చూడవలెను.

5. ఇంజను స్టార్టగును, తాళము వదలగనే ఆగిపోవును: పెట్రోలు కారులోను, డీజిలును విద్యుత్తుతో తెరచు ట్రాక్టరులోను ఇది 15 కొన లోపమును సూచించును. డీజిలును లాగుడు నాబుతో ఆపు పాత ట్రాక్టర్లలో ఈ లక్షణమునకు ఇది కారణము కాదు. అక్కడ డీజిలు సరఫరాను చూడవలెను.

6. తాళము వదలినను సెల్ఫు తిరుగుచునే ఉండును: స్విచ్చిగాని, సొలినాయిడుగాని అతుక్కొన్నది. వెంటనే బ్యాటరీ ఎర్తు వైరు తీయుడు. లేకున్న సెల్ఫు కాలిపోవును.

దీపముతో పరీక్ష

12 వోల్టుల హెడ్‌లైటు బల్బు, హోల్డరు, రెండు మూరెడు వైర్లు చాలును. చిన్న బల్బుకంటె ఇది మేలు. స్విచ్చి లోపల కాంటాక్టు సగము కాలినను చిన్న బల్బు వెలిగి మోసగించును. హెడ్‌లైటు బల్బు సుమారు 5 ఆంపియర్లు తీసికొనును గనుక మసకగా వెలిగి లోపమును బయటపెట్టును.

ముందుగా గేరు న్యూట్రలులో పెట్టి, బ్రేకు బిగించి, చక్రముల దగ్గర ఎవరును లేకుండ చూడవలెను. బ్యాటరీ దగ్గర బీడీ, చుట్ట పనికిరావు. అందుండి వచ్చు హైడ్రోజను వాయువు మండును. తరువాత బ్యాటరీ ఎర్తు వైరు తీసి, సొలినాయిడునుండి సన్నని వైరును ఊడదీసి, దాని కొన ఇనుమునకు తగులకుండ పక్కకు పెట్టి, మరల ఎర్తు బిగింపుడు. ఇట్లు చేసినచో తాళము త్రిప్పినను సెల్ఫు తిరుగదు.

మొదట బల్బును బ్యాటరీ రెండు కొనలకు తగిలింపుడు. ఆ వెలుగును గుర్తుంచుకొనుడు. ఇప్పుడు ప్లస్సునుండి ఛాసిస్ ఇనుమునకు తగిలింపుడు. వెలుగు తగ్గినచో ఎర్తు పట్టీ చెడినది. పిమ్మట బల్బు ఒక వైరును ఛాసిస్‌కు కట్టి, రెండవదానిని వరుసగా స్విచ్చి 30 కొనకు, మొదటి మెట్టున 15 కొనకు, స్టార్టు మెట్టున 50 కొనకు, చివరకు ఊడదీసిన వైరు కొనకు తగిలించి చూడుడు.

30 దగ్గర వెలిగి 50 దగ్గర వెలుగకున్న లోపము స్విచ్చిదే, మార్పింపుడు. 30 దగ్గరనే వెలుగకున్న స్విచ్చి తప్పు లేదు. వెనుకకు నడచి ఫ్యూజును, వైరును చూడుడు. 50 దగ్గర వెలిగి చివరి కొన దగ్గర వెలుగకున్న భద్రతా స్విచ్చిగాని, మధ్య వైరుగాని తెగినది. చివరి కొన దగ్గరను బాగుగా వెలిగినచో లోపము సొలినాయిడులోగాని, సెల్ఫులోగాని, లావు కేబులులోగాని ఉన్నది. ఈ మాట మెకానిక్కుతో చెప్పిన అతడు తగిన సామానుతోనే వచ్చును.

మీటరున్నవారు బ్యాటరీ వోల్టేజి కూడ చూడవచ్చును. కొంతసేపు ఊరకనున్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపును, 12.2 అనిన సగము దిగినట్లు.

ఒక గ్రామములో ఒక రైతు రెండు స్విచ్చిలు మార్చి, మూడవనాడు నాతో మొరపెట్టుకొనెను. ఇద్దరము దీపము పట్టుకొని చూడగా 50 దగ్గర వెలిగినది, చివరి కొన దగ్గర వెలుగలేదు. క్లచ్చి పెడలు క్రింద వైరును ఎలుక కొరికియుండెను. పది నిమిషముల పనికి మూడు రోజులు పోయినవి, నారు ముదిరినది.

చేయకూడనివి

సెల్ఫు పలుకనప్పుడు క్రింద నిలబడి సొలినాయిడు రెండు బోల్టులను స్క్రూడ్రైవరుతో కలుపుట కొందరికి అలవాటు. ఇది ప్రాణాంతకము. అట్లు కలిపిన భద్రతా స్విచ్చి పనిచేయదు. బండి గేరులోనున్న ఒక్కసారిగా ముందుకు దూకి, వెనుక చక్రము పక్కనున్న మనిషి మీదుగా పోవును. ఎంత తొందరయైనను, ఎవరు చెప్పినను ఈ పని చేయకుడు. ఫ్యూజు స్థానమున తీగ చుట్టుటయు తగదు. వైర్లు కాలి బండి అంటుకొనవచ్చును.

తాళముచెవికి బరువైన గుత్తి తగిలింపకుడు. 2014లో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ స్విచ్చి లోపమువలన సుమారు 26 లక్షల చిన్న కార్లను వెనుకకు పిలిచినది. గుత్తి బరువుకో, కుదుపుకో తాళము నడకలోనే వెనుకకు జారి ఇంజను ఆగుటయు, ప్రమాదమున గాలిసంచులు తెరచుకొనకపోవుటయు జరిగినవి. కంపెనీ ఏర్పరచిన పరిహార నిధి 124 మరణములను ఈ లోపమునకు సంబంధించినవిగా అంగీకరించినది. ఇంత చిన్న స్విచ్చి ప్రాణములతో ముడిపడియున్నది.

బటను నొక్కి స్టార్టుచేయు కార్లలోను, కంప్యూటరు అమర్చిన ఇంజన్లలోను, గాలిసంచి వైర్లమీదను ఈ బల్బు పరీక్ష చేయకుడు, అవి చెడిపోవును. ఆ పని మెకానిక్కుకు విడువుడు.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలో ట్రాక్టరు నిర్వహణలో శిక్షణ నిచ్చుచున్నారు. వీలున్నవారు ఇంటికొక యువకుని పంపుట మంచిది.

వేసవిలో బండి ఖాళీగానున్నప్పుడే టెర్మినళ్లకు పట్టిన చిలుము గీకి, వేడినీటితో కడిగి, ఆరిన తరువాత బిగించి, పైన వాజలీను పూయుడు. ఎర్తు పట్టీ బోల్టు వద్ద తుప్పు గీకుడు. షెడ్డులో ఎలుకలు చేరకుండ చూడుడు. ఆ బల్బును, రెండు వైర్లను పనిముట్ల పెట్టెలో ఉంచుడు. దమ్మునాడు తాళము త్రిప్పినను బండి పలుకనిచో ముందు దీపమును తీయుడు, తరువాతనే డబ్బు తీయుడు.