బాలల మాంత్రిక నవలలో ప్రతినాయకుడు: చిలుక ప్రాణం, గడ్డం శక్తి

కీలకపదాలు: బాలసాహిత్యం, మాంత్రిక కథ, ప్రతినాయకుడు, బాలనాగమ్మ, పాతాళభైరవి, కొల్లేరు

1. ఉపోద్ఘాతం

బాలల కోసం రాసే భయానక మాంత్రిక నవలల్లో గుహలు, శాపాలు, క్షుద్రపూజలు సమృద్ధిగా ఉంటాయి. వాటి మధ్య తిరిగే పాత్రలు పలచగా ఉండటం తరచుగా కనిపించే లోపం. మాంత్రికుడు దుష్టుడని రచయిత చెబుతాడు. అతనికి ఏం కావాలో చెప్పడు. శత్రువు వంశాన్ని, పరాక్రమాన్ని, విద్యను వర్ణించి, అటువంటివానిని నాయకుడు జయించినట్లు చూపితే నాయకుని ఔన్నత్యం ఇనుమడిస్తుందని దండి కావ్యాదర్శంలో పేర్కొన్నాడు. ప్రతినాయకుడు బలహీనమైతే నాయకుడూ బలహీనమవుతాడన్నది దీని ఫలితార్థం. తెలుగువారు బాగా ఎరిగిన ఇద్దరు మాంత్రికుల ఆధారంగా ఈ విషయాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. చిలుకలో ప్రాణం

బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంటుంది. బాలవర్ధిరాజు దానిని సాధించి ఫకీరును సంహరిస్తాడు. అయితే మౌఖిక కథకు బరువునిచ్చేది చిలుక కాదు, చెరలో ఉన్న బాలనాగమ్మ వ్రతం నెపంతో ఏళ్ల తరబడి ఫకీరును నిలువరించిన ఓర్పు. ఆ భాగాన్ని వదిలి చిలుకను మాత్రమే తీసుకున్న నవలలో ప్రతినాయకుడు తాళం, బాలనాయకుడు తాళంచెవి అవుతారు. చిలుక ఎవరి చేతికి చిక్కినా ఫలితం ఒక్కటే. అక్కడ సాహసం ఉంటుంది గాని పాత్ర ఎదగదు.

3. గడ్డంలో శక్తి

కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1951లో వచ్చిన 'పాతాళభైరవి' చలనచిత్రమే అయినా, నవలాకారులకు పాత్రకల్పనలో మంచి పాఠం. నేపాళ మాంత్రికుడిగా నటించిన ఎస్.వి. రంగారావు నేటి ఏలూరు జిల్లాలోని నూజివీడులో జన్మించారు. భైరవి అనుగ్రహానికి మాంత్రికుడు సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇవ్వాలి. రాకుమారిని పెండ్లాడటానికి తోటరాముడికి సంపద కావాలి. ఇద్దరినీ కలిపింది కోరికే. నాయకుడి సాహసాన్ని మొదట గుర్తించి పరీక్షించేవాడు అతణ్ణి చంపదలచినవాడే కావడం ఇందులోని విశేషం.

ఈ మాంత్రికుడి శక్తి కూడా ఫకీరు ప్రాణంలాగే ఒక వస్తువులో ఉంది. అది అతని గడ్డం. కానీ దానిని ఎవరూ బలవంతంగా తీయలేదు. రాకుమారికి నచ్చాలన్న మోహంతో, మారువేషంలో వచ్చినవాడి మాటలు నమ్మి తానే తీయించుకున్నాడు. అతని పతనం అతని స్వభావం నుండే పుట్టింది. నాయకుడి పక్షం గెలుపు కూడా ఎదుటివాని మనసు చదవడం వల్ల వచ్చింది.

4. కొల్లేటి నేపథ్యంలో అన్వయం

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతపు బాలల కోసం కొల్లేటిని ఎండగట్టే మాంత్రికుడి కథ రాస్తున్నామనుకుందాం. దుష్టుడు కనుక ఎండగడుతున్నాడంటే అది మళ్లీ చిలుక కథే. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 2006లో దాని పరిధిలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగగొట్టించింది. సరస్సు గర్భంలోని నేల తన వారసులకు దక్కాలన్నది మాంత్రికుడి కోరిక అయితే, బాలనాయకుడి ఇల్లు కూడా అటువంటి చెరువు మీదే బతుకుతుంటే, అతడు శత్రువులో తన ఇంటి పోలికను చూస్తాడు. కథలోని చీకటికి అప్పుడు అర్థం ఏర్పడుతుంది.

5. ముగింపు

ప్రతినాయకుడికి బాలలు గుర్తుపట్టగల కోరిక ఉండాలి. ఆ కోరికే అతని ఓటమికి దారితీయాలి. దానిని ఎదుర్కొనే క్రమంలో నాయకుడు మారాలి. ఈ మూడూ లేనప్పుడు చెడు ఎక్కడో సముద్రాల అవతల ఉంటుందనే బాలపాఠకుడు నమ్ముతాడు. తన చుట్టూ, తనలో దానిని గుర్తించే అవకాశం అతనికి దక్కదు.