బండి తిరిగితే టకటక



మన కమలాపురం పల్లెల్లో ఎద్దుల బండ్లు తగ్గిపోయాయి. అయినా ఇరుసు అంటే ఏమిటో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. రెండు చక్రాల నడుమ ఉండే కడ్డీయే ఇరుసు. కందెన లేకపోతే ఇరుసు కీచుమంటుంది. తర్వాత అరిగిపోతుంది. మన పెద్దలు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేసుకొనేవారు.

కారుకు కూడా ఇరుసు ఉంటుంది. దానిని యాక్సిలు అంటారు. దానికీ కందెన కావాలి. ఈ పాఠం ఆ యాక్సిలు గురించే.

ఒక అక్క అడిగిన ప్రశ్న

మా చదువు కేంద్రానికి ఒక అక్క వస్తుంది. వాళ్ల ఇంటాయన చిన్న కారు బాడుగకు తిప్పుతాడు. పెండ్లికి పోవాలన్నా, కాన్పుకు కడప ఆసుపత్రికి పోవాలన్నా ఆ వీధిలో వాళ్లకు ఆ కారే దిక్కు. ఆ ఇంటి కూడు, పిల్లల ఫీజు ఆ నాలుగు చక్రాల మీదనే నడుస్తాయి.

ఒకనాడు అక్క పలక పక్కన పెట్టి అడిగింది.

"టీచరమ్మా, మా బండి మలుపు తిరిగినప్పుడంతా టకటకా సప్పుడు వస్తాంది. యాక్సిలు పోయిందంటాండారు. చానా దుడ్డు అవుతాదంట. యాక్సిలు అంటే ఏందమ్మా?"

"నాకూ సరిగా తెలియదక్కా. తెలుసుకొని చెబుతాను" అన్నాను.

తెలిసిన మెకానిక్కు అన్న దగ్గరికి ఇద్దరమూ పోయినాము. ఆయన విప్పిన యాక్సిలును చేతికిచ్చి చూపించాడు. అది భలే బరువుగా ఉంది. అక్కడ తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చక్రాలే లాగే కారు

పాత అంబాసిడర్ కారులో ఇంజను ముందర ఉండేది. బండిని తోసేది మాత్రం వెనక చక్రాలు. ఇంజను బలం ఒక పొడవాటి కడ్డీ గుండా వెనక్కి పోయేది.

1983 డిసెంబరు 14న మన దేశంలో మారుతి 800 కారు బయటికి వచ్చింది. జపాను దేశపు సుజుకి కంపెనీతో కలిసి దానిని చేశారు. ఆ కారులో ఇంజనూ ముందరే, లాగే చక్రాలూ ముందరివే. ఎద్దులు ముందు నుండి బండిని లాగినట్టు ముందు చక్రాలు కారును లాగుతాయి. పొడవాటి కడ్డీ లేదు కాబట్టి బరువు తగ్గింది. లోపల మనుషులు కూర్చొనే చోటు పెరిగింది. మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. కానీ ఈ పద్ధతి ఆగలేదు. ఇప్పుడు వచ్చే చిన్న కార్లు చాలావరకు ఇట్లాంటివే.

వంగే ఇరుసు

ఎద్దుల బండి ఇరుసు నిటారుగా ఉంటుంది. వంగనక్కర లేదు. కారు ముందు చక్రానికి మాత్రం మూడు పనులు. ఒకటి, గిర్రున తిరుగుతూ బండిని లాగాలి. రెండు, స్టీరింగు తిప్పితే పక్కకు మళ్లాలి. మూడు, గుంట వస్తే కిందికి, మిట్ట వస్తే పైకి పోవాలి. వట్టి కడ్డీతో ఇవన్నీ కావు.

మన చేయి చూడండి. ఎముక వంగదు. కానీ భుజం దగ్గర, మోచేయి దగ్గర కీలు ఉంది. అందుకే చేయి ఎట్లా అయినా ఆడుతుంది. యాక్సిలు కూడా అంతే. గేరుబాక్సు నుండి కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి, మొత్తం రెండు యాక్సిళ్లు. ఒక్కొక్క దానికి రెండు కీళ్లు. ఒక కీలు గేరుబాక్సు వైపు, ఒకటి చక్రం వైపు. కీలునే జాయింటు అంటారు.

చక్రం వైపు జాయింటులో పిల్లలు ఆడే గోళీల వంటి ఉక్కు గుండ్లు ఉంటాయి. సాధారణంగా ఆరు. అవి గాళ్లలో జరుగుతూ ఉంటాయి. చక్రం పక్కకు మళ్లినా సరే, జాయింటు ఒకే తీరుగా దాన్ని తిప్పుతుంది.

ఆ గుండ్ల నడుమ నల్లని గ్రీజు నింపుతారు. అదే కారు కందెన. గ్రీజు కారిపోకుండా, దుమ్ము పడకుండా పైన ఒక రబ్బరు తొడుగు వేస్తారు. అది కొలిమి తిత్తి లాగా మడతలు మడతలుగా ఉంటుంది. దానిని బూటు అంటారు.

బూటు చిరిగితే ఏమవుతుంది?

యాక్సిలు ఉత్తపుణ్యానికి చెడిపోదు. చాలాసార్లు ముందు చెడేది బూటే. ఎండకు, వయసుకు రబ్బరు పగుళ్లు ఇస్తుంది. రాయి తగిలినా, ముల్లు గీరినా చిరుగుతుంది. చక్రం తిరిగే వేగానికి గ్రీజు బయటికి చిమ్ముతుంది. ఆ చిరుగులోనుండి దుమ్ము, నీళ్లు లోపలికి పోతాయి.

మన దారులు మీకు తెలిసినవే. ఎర్రగుంట్ల వైపు పోతే నాపరాయి దుమ్ము, సిమెంటు దుమ్ము. చేని దారుల్లో కంకర. 2021 నవంబరు వరదల్లో పాపాగ్ని మీది వంతెన కూలినప్పుడు బండ్లు ఎంత చుట్టు తిరిగి పోయినాయో మనం చూశాము.

గ్రీజులో ఇసుక కలిస్తే అది ఇంక కందెన కాదు, ఇసుర్రాయి. జొన్నలను పిండి చేసినట్టు ఉక్కును అరగదీస్తుంది. గాళ్లు గుంటలు పడతాయి. గుండ్లు వదులవుతాయి. అప్పుడు టకటక మొదలవుతుంది.

ఆ అక్క ఇంటాయన చక్రం లోపలి వైపు నల్లని గ్రీజు చిమ్మడం ముందే చూశాడంట. "తుడిస్తే పోతుందిలే" అనుకున్నాడు. తుడిచాడు. అప్పుడే బూటు మార్చి, కొత్త గ్రీజు పెట్టి ఉంటే చిన్న ఖర్చుతో పోయేది. సప్పుడు వచ్చే దాకా ఆగినందుకు జాయింటే పోయింది. చిరుగు చిన్నదిగా ఉన్నప్పుడే కుట్టుకోవాలని మనకు తెలియనిదా?

గుర్తులు

1. చక్రం లోపలి వైపు, దాని చుట్టూ నల్ల గ్రీజు చిమ్మి ఉంటే: బూటు చిరిగింది.

2. స్టీరింగు బాగా తిప్పి బండిని కదిలిస్తే టకటక మంటే: చక్రం వైపు జాయింటు అరిగింది.

3. నేరుగా పోతూ వేగం పెంచినప్పుడు బండి అదిరితే, కదిలేటప్పుడు 'దడ్' మంటే: గేరుబాక్సు వైపు జాయింటు అయి ఉండవచ్చు.

4. తిప్పినా తిప్పకపోయినా వేగంతో పాటు 'హుఁ' అనే మోత పెరుగుతుంటే: అది బేరింగు కావచ్చు. యాక్సిలు కాకపోవచ్చు. ముందు చూడమని అడగండి. ఊరికే యాక్సిలు మార్పించవద్దు.

సప్పుడుతోనే నెలలు నడిపితే జాయింటు విరగవచ్చు. అప్పుడు ఇంజను తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. నడిరాత్రి కాన్పు నొప్పుల మనిషిని ఎక్కించుకొని పోతుంటే అట్లా నిలిచిపోతే ఎట్లా? ఇంకో సంగతి. యాక్సిలు విరిగిన బండిని గేరులో పెట్టి నిలిపినా ఆగదు. వాలులో జారిపోతుంది. హ్యాండుబ్రేకు వేసి, చక్రాలకు రాయి అడ్డం పెట్టాలి.

యాక్సిలు ఎట్లా మారుస్తారు?

ఇది నేర్చిన మెకానిక్కు చేయాల్సిన పని. అయినా పని తీరు మనకు తెలిసి ఉంటే మంచిది.

మొదట బండిని చదునైన గట్టి నేల మీద నిలపాలి. హ్యాండుబ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టాలి. చక్రం నడుమ ఒక పెద్ద నట్టు ఉంటుంది. అది చాలా బిగువు. చక్రం నేల మీద ఉన్నప్పుడే దాన్ని వదులు చేయాలి. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే ఇంకొకరు తిప్పుతారు. బండిని పైకి లేపినాక బలంగా లాగితే బండి జాకీ మీద నుండి జారే ప్రమాదం ఉంది.

తర్వాత జాకీతో లేపి, బండి కింద ఇనుప స్టాండ్లు పెట్టాలి. చక్రం విప్పాలి. గేరు నూనెను ఒక పాత్రలోకి దింపాలి. లేకపోతే యాక్సిలు లాగగానే నూనె నేలపాలు అవుతుంది. కింది బాల్ జాయింటు విడదీసి, హబ్బును బయటికి లాగితే యాక్సిలు కొస ఊడి వస్తుంది. ఇంకో కొసను గేరుబాక్సు నుండి లివరుతో మెల్లగా ఎత్తి తీస్తారు.

ఇప్పుడు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడాలి. పొడవు ఒకటేనా? కొసన ఉండే పళ్లు లెక్క పెడితే సమానమేనా? చాలా బండ్లలో కుడి యాక్సిలు, ఎడమ యాక్సిలు ఒకే పొడవు ఉండవు. ఇక్కడ పొరపడితే పని రెండుసార్లు చేయాలి.

గేరుబాక్సు దగ్గర ఉండే ఆయిల్ సీలు కూడా అప్పుడే కొత్తది వేయడం మంచిది. యాక్సిలును వంకర లేకుండా నేరుగా తోయాలి. సీలు అంచు చిరగకూడదు. లోపల కూర్చున్నాక 'టిక్' మని పడుతుంది. ఒకసారి లాగి చూస్తే ఊడి రాకూడదు. తర్వాత విప్పినవన్నీ తిరిగి బిగించాలి. చక్రం నేల మీద ఆనినాక నడుమ నట్టును సర్వీసు పుస్తకంలో రాసినంత బిగువుతో బిగించాలి. గేరు నూనె తిరిగి పోయాలి. ఇది మరిచిపోతే గేరుబాక్సే పోతుంది. చివరికి ఖాళీ మైదానంలో కుడికీ ఎడమకూ గుండ్రంగా తిప్పి చూడాలి. సప్పుడు రాకూడదు.

ప్రాణం ముఖ్యం

జాకీ బండిని లేపడానికే. నిలపడానికి కాదు. జాకీని నమ్మి బండి కిందికి ఎవరూ దూరకూడదు. మన వైపు నాపరాళ్లు చేతికి దొరుకుతాయని వాటిని పేర్చి బండిని నిలుపుతారు. ఇది చాలా తప్పు. నాపరాయి పొరలు పొరలుగా చీలుతుంది. ఇటుక కూడా పగులుతుంది. మీ ఇంటాయన గానీ, కొడుకు గానీ అట్లా చేస్తుంటే గట్టిగా చెప్పండి. పని చేసే చోటికి పిల్లలను రానీయవద్దు.

బిల్లు చదవండి

బండి పని అయినాక బిల్లు ఇస్తారు. చదివి, ఇవి చూడండి:

- వేసినది కుడి యాక్సిలా, ఎడమ యాక్సిలా?
- కొత్తదా, బాగు చేసిన పాతదా?
- ఎన్ని వేశారు?
- సామాను ధర ఎంత? కూలి ఎంత?
- గ్యారంటీ ఎన్ని నెలలు?

విప్పిన పాత సామాను కూడా అడిగి తీసుకోండి. అడగడంలో తప్పు లేదు. అది మీదే.

ఆ అక్క కూడా ఇట్లాగే చేసింది. ఎడమ యాక్సిలు ఒకటే మార్చారు. బిల్లులో మాత్రం '2' అని ఉంది. అక్క వేలు పెట్టి చూపించింది.

"అన్నా, పాతది ఒకటే ఇచ్చినావు. కొత్త డబ్బా ఒకటే ఉంది. ఈడ రెండని రాసినావే?"

అంగడాయన చూశాడు. "పొరపాటమ్మా" అని కొట్టేసి, '1' వేసి ఇచ్చాడు. ఆ రోజు అక్క కేంద్రానికి వచ్చి ఆ బిల్లును అందరికీ చదివి వినిపించింది. ఇప్పుడు వారానికి ఒకసారి బండి కిందికి వంగి బూట్లు చూసేది ఆమేనంట. "కండ్లతో చూసేదానికి దుడ్డు కావాల్నా?" అంటుంది.

కొత్త మాటలు

యాక్సిలు: చక్రాన్ని తిప్పే ఇరుసు
జాయింటు: కీలు
బూటు: జాయింటు మీది రబ్బరు తొడుగు
గ్రీజు: కందెన

చదివి చెప్పండి

1. ముందు చక్రానికి ఉండే మూడు పనులు ఏవి?
2. గ్రీజులో ఇసుక కలిస్తే ఏమవుతుంది?
3. నాపరాళ్ల మీద బండిని ఎందుకు నిలపకూడదు?
4. మీ ఇంట్లో ఉన్న ఏదైనా ఒక బిల్లు తెచ్చి చదవండి. అందులోని అంకెలు కూడి చూడండి. సరిపోయాయా?